పిల్లల వెంట డబ్బు... మరి బడి వెంట ఎవరు?

బడులు తెరిచిన మొదటి వారంలో తెలుగు మాధ్యమ పాఠశాలల్లో పాఠం కంటే ముందు నడిచేది లెక్క. ఒకటో తరగతిలో ఎంతమంది చేరారు? నిరుటి పిల్లల్లో ఎందరు మిగిలారు? ఎందరు టీసీ తీసుకున్నారు? బళ్లారి, హోసూరు, బరంపురం, సోలాపూర్... ఊరు ఏదైనా ప్రధానోపాధ్యాయుడి ఆదుర్దా ఒక్కటే. అంకె కిందికి దిగితే పోస్టు పోతుంది. పోస్టు పోతే తరగతులు కలిపేస్తారు. కలిపేస్తే ఉన్న తల్లిదండ్రులూ తమ దారి తాము చూసుకుంటారు. ఆ తరవాత తాళం పడటమే తరువాయి. దశాబ్దాలుగా మనం చూస్తున్న వరస ఇది.

ఇప్పుడు ఈ లెక్కకు ఒక సిద్ధాంతం తోడవుతోంది. ప్రభుత్వం బడికి డబ్బివ్వడం మాని, బిడ్డకు ఇవ్వాలి. ఆ బిడ్డ ఏ బడికి వెళితే డబ్బు ఆ బడికి చేరాలి అన్నది దాని సారాంశం. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో రాసిన వ్యాసంతో ఈ ఆలోచనకు ఊపు వచ్చింది. మన దేశంలో 1997లో ఢిల్లీలో పుట్టిన సెంటర్ ఫర్ సివిల్ సొసైటీ వంటి సంస్థలు దీన్ని గట్టిగా వినిపిస్తున్నాయి. వినడానికి బాగుంది. పేదింటి బిడ్డకూ బడిని ఎంచుకునే శక్తి వస్తుందంటే కాదనేదెవరు? కానీ చెదురుమదురుగా బతుకుతున్న భాషా సమాజాలకు ఈ సూత్రం ఏం చేస్తుందో ఆలోచించాలి. అందుకు ముందు, ఇలాంటి ఆలోచన కాగితం మీది నుంచి చట్టంలోకి ఎలా నడిచి వస్తుందో తెలుసుకోవాలి. ఆ నడకను చూపడానికి అమెరికాలోని అరిజోనా రాష్ట్రాన్ని మించిన ఉదాహరణ లేదు.

అమెరికాలో బడుల వ్యవహారం ప్రధానంగా రాష్ట్రాల చేతిలో ఉంటుంది. అందుకే స్వేచ్ఛా విపణిని నమ్మే మేధోసంస్థలు ఒక్క వాషింగ్టన్‌లోనే కాకుండా రాష్ట్ర రాజధానుల్లోనూ వెలిశాయి. వాటిని కలిపే స్టేట్ పాలసీ నెట్‌వర్క్ 1992లో ఏర్పడింది. నేడు ఆ దేశంలోని 50 రాష్ట్రాల్లోనూ దానికి అనుబంధ సంస్థలు ఉన్నాయి. వాటి పని తీరు ఇంచుమించు ఒకటే. శాసనసభ్యుడికి అర్థమయ్యే చిన్న నివేదిక రాస్తారు. చట్టం ముసాయిదా సిద్ధం చేసి ఇస్తారు. చట్టసభ కమిటీ ముందు సాక్ష్యం చెబుతారు. పత్రికలకు వ్యాసాలు పంపుతారు. కేసు పడితే కోర్టులో నిలబడతారు. మిషిగన్‌లోని మెకినా సెంటర్‌లో పనిచేసిన జోసెఫ్ ఓవర్టన్ ఈ పని వెనుక తర్కాన్ని ఒక కిటికీతో పోల్చి చెప్పారు. ఏ కాలంలోనైనా రాజకీయ నాయకుడు భయం లేకుండా సమర్థించగల ఆలోచనలు కొన్నే ఉంటాయి. నాయకుణ్ని మార్చడం కంటే ఆ కిటికీని జరపడం మేలు అన్నది ఆయన భావం. ఆయన పేరుమీదుగానే అది ‘ఓవర్టన్ విండో’గా ప్రసిద్ధమైంది.

అరిజోనాలో ఆ కిటికీని జరిపినది గోల్డ్‌వాటర్ ఇన్‌స్టిట్యూట్. ఆ రాష్ట్ర సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ పేరుతో 1988లో ఫీనిక్స్ నగరంలో మొదలైంది. 2006లో ఆ రాష్ట్రం వికలాంగ బాలలకు, ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్న బాలలకు ప్రైవేటు బడి వోచర్లు ప్రవేశపెట్టింది. ప్రభుత్వ సొమ్ము ప్రైవేటు, మతసంబంధ పాఠశాలలకు పోరాదన్న రాష్ట్ర రాజ్యాంగ నిబంధన అడ్డొచ్చింది. 2009లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వోచర్లను కొట్టేసింది. మన దగ్గరైతే అక్కడితో కథ ముగిసేది. ఒక సన్మాన సభ, ఒక నిరసన సభ, ఆ తరవాత మౌనం.

అక్కడ అలా జరగలేదు. తీర్పును అక్షరం అక్షరం చదివారు. వోచర్‌తో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ డబ్బు తల్లిదండ్రుల చేతి మీదుగా నేరుగా ఒక్క ప్రైవేటు బడికే పోతుంది. మరి డబ్బును ఖాతాలో వేసి, ఫీజుకైనా, ట్యూషన్‌కైనా, పుస్తకాలకైనా, చికిత్సకైనా వాడుకోమంటే? గోల్డ్‌వాటర్ సంస్థ అంతకుముందే చర్చకు పెట్టిన ఈ ఆలోచన 2011లో చట్టమైంది. ‘ఎంపవర్‌మెంట్ స్కాలర్‌షిప్ ఖాతా’ అని పేరు పెట్టారు. మొదట ప్రత్యేక అవసరాలున్న పిల్లలకే పరిమితం. మళ్లీ కేసు పడింది. 2013లో అప్పీళ్ల కోర్టు ఈసారి సరేనంది. ఆ తరవాత ఏటా తలుపు కొంచెం కొంచెంగా తెరుచుకుంది. వెనకబడిన బడుల పిల్లలు, సైనికుల పిల్లలు, 2015లో ఆదివాసుల రిజర్వేషన్ ప్రాంతాల పిల్లలు అర్హులయ్యారు. 2017లో అందరికీ అంటూ చట్టం చేశారు. దాన్ని కొందరు తల్లులు, టీచర్లు కలిసి సంతకాలు సేకరించి ప్రజాభిప్రాయానికి పెట్టించారు. 2018 నవంబరులో సుమారు 65 శాతం ఓటర్లు వద్దన్నారు. అయినా పట్టు వదల్లేదు. 2022లో చట్టసభ మళ్లీ ఆమోదించింది, గవర్నర్ డగ్ డ్యూసీ సంతకం చేశారు. ఈసారి వ్యతిరేకుల సంతకాలు చాలలేదు. అంతకుముందు 12 వేల చిల్లర ఉన్న లబ్ధిదారులు రెండేళ్లలో 75 వేలు దాటారు. ఒక్కో సాధారణ విద్యార్థికి ఏటా సుమారు 7 వేల డాలర్లు. ఆ సంస్థ న్యాయ విభాగానికి సారథ్యం వహించిన క్లింట్ బోలిక్ 2016లోనే రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

ఇందులో మెచ్చుకోవాల్సింది ఉంది, ప్రశ్నించాల్సిందీ ఉంది. రెండింటినీ విడివిడిగా చూడాలి.

ముందు ప్రశ్నలు. 2022లో తలుపు బార్లా తెరిచాక దరఖాస్తు చేసిన తొలి వేలమందిలో 75 శాతం దాకా అంతకుముందు ప్రభుత్వ బడిలో చదివిన దాఖలా లేదని రాష్ట్ర విద్యాశాఖే చెప్పింది. అంటే బడి మారడానికి డబ్బు లేక ఆగిపోయిన వాళ్లకంటే, ముందే ప్రైవేటు బడిలోనో ఇంటివద్దో చదువుతున్న వాళ్లకే తొలి ఫలం దక్కింది. ఖర్చు తొలి అంచనాలను దాటిపోయింది. ఇంకొకటి, ఇలాంటి సంస్థలు విరాళాల మీద నడుస్తాయి. దాతల పేర్లు బయటపెట్టాలన్న నిర్బంధం అమెరికా చట్టంలో లేదు. మాట ఎవరిదో తెలుస్తుంది, మూట ఎవరిదో తెలియదు. ఏ మేధోసంస్థ నివేదిక మన ముందుకొచ్చినా, అది ఏ పక్షానిదైనా సరే, మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే.

అన్నింటికంటే మనకు దగ్గరైన ప్రశ్న భాషది. బడిని ఎంచుకునే హక్కు గురించి ఇంతగా పోరాటం సాగిన అదే అరిజోనాలో, 2000 సంవత్సరంలో ఓటర్లు ‘ప్రతిపాదన 203’ను ఆమోదించారు. దాన్ని ముందుండి నడిపినది కాలిఫోర్నియా వ్యాపారవేత్త రాన్ ఉంజ్. దాని ప్రకారం ఇంగ్లీషు సరిగా రాని పిల్లలకు ప్రభుత్వ బడుల్లో బోధన ఇంగ్లీషులోనే సాగాలి. స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లల ద్విభాషా తరగతులు దాంతో చిక్కిపోయాయి. ఇది వేరే ఉద్యమం, వేరే మనుషులు. అయినా ఒక విషయం అర్థమవుతుంది. ఒక రాష్ట్రంలో బడి ఎంపిక విస్తరించినంత మాత్రాన భాష ఎంపిక దానంతట అది రాదు. మొదటిదానికి విపణి దారి చూపగలదు. రెండోదానికి చట్టం కావాలి, టీచరు కావాలి, పుస్తకం కావాలి.

ఇక మన నేలకు వద్దాం. వోచర్ల మీద ప్రపంచంలో జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి తెలుగునాట జరిగిందని మనలో ఎందరికి తెలుసు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో 2008 నుంచి నాలుగేళ్లపాటు అది సాగింది. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ దాన్ని నిర్వహించింది. లాటరీ తీసి ఎంపికైన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఖర్చులు ఇచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఫలితాలు ప్రచురించారు. వోచర్ పొందిన పిల్లలకూ పొందని పిల్లలకూ తెలుగులో, గణితంలో తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం వోచర్ పిల్లలు ముందున్నారు, ఎందుకంటే ప్రైవేటు బడులు హిందీ చెప్పేవి. తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇస్తూనే ప్రైవేటు బడులు సమానంగా నిలిచాయి. ఒక్కో బిడ్డకు వాటికయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. స్వేచ్ఛా విపణి వాదులు దీన్ని తమ గెలుపుగా చూపుతారు. అందులో నిజం లేకపోలేదు.

కానీ ఆ అధ్యయనంలోనే మరో మాట ఉంది. ఖాయంగా తేల్చలేమంటూనే పరిశోధకులు ఒక సూచన చేశారు. ఇంగ్లీషు మాధ్యమ ప్రైవేటు బడికి మారిన పిల్లలకంటే, తెలుగు మాధ్యమ ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు ఇంగ్లీషేతర సబ్జెక్టుల్లో మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది. ఇంట్లో వినే భాష ఒకటి, బడిలో వినే భాష మరొకటి అయినప్పుడు ఏడేళ్ల బిడ్డ రెండు బరువులు ఒకేసారి మోయాల్సి వస్తుంది. ఇది మన టీచర్లకు కొత్త సంగతి కాదు. కొత్తేమిటంటే, తెలుగు పల్లెల్లో లాటరీ తీసి, పరీక్ష పెట్టి చూసిన లెక్కల్లోనూ ఆ జాడ కనిపించడం. ‘మా వాడికి ఇంగ్లీషు రావాలి కదండీ మాస్టారూ’ అంటూ టీసీ అడగవచ్చే తండ్రికి ఉపన్యాసం కంటే ఈ సంగతి వివరంగా చెప్పడం మంచిది. ఇంగ్లీషు వద్దని మనం అనడం లేదు. ఇంగ్లీషును సబ్జెక్టుగా బాగా చెబుతూ, మిగతావి అర్థమయ్యే భాషలో చెప్పే బడి కావాలంటున్నాం. అలాంటి బడిగా మనల్ని మనం నిలబెట్టుకోకుండా తండ్రిని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు అసలు లెక్క. బిడ్డ వెంట డబ్బు నడిచే పద్ధతిలో బడికి వచ్చే ఆదాయం పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. ఖర్చు మాత్రం అలా తగ్గదు. 40 మంది ఉన్నా 18 మంది ఉన్నా తెలుగు చెప్పే టీచరు ఒకరు ఉండాల్సిందే. గది ఒకటి ఉండాల్సిందే. హైదరాబాదులోనో విజయవాడలోనో పది వీధులకు పది బడులు పోటీ పడతాయి. ఒకటి మూతపడితే పక్కది ఉంటుంది. మన ఊళ్లలో తెలుగు బడి మూతపడితే పక్కన ఉండేది ఇంకో తెలుగు బడి కాదు. అక్కడ పోటీ లేదు కనుక ఎంపికా లేదు. చివరి తెలుగు బడి పోయిన ఊళ్లో తల్లిదండ్రుల చేతిలో ఎంత వోచర్ పెట్టినా దానితో తెలుగు చదువు కొనలేరు. విపణిలో సరుకే లేనప్పుడు చేతిలో సొమ్ముండి ఏం లాభం?

ఈ చిక్కును మన పెద్దలు ముందే గుర్తించారు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలమానం పెట్టింది. ఒక తరగతిలో 10 మంది గానీ, మొత్తం బడిలో 40 మంది గానీ ఒక మాతృభాషకు చెందిన పిల్లలు ఉంటే ప్రాథమిక దశలో ఆ భాషలో చెప్పడానికి కనీసం ఒక టీచరును నియమించాలి. అంటే లెక్కపెట్టాల్సింది లాభనష్టాలు కాదు, అవసరం ఉందా లేదా అన్నది. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించే బాధ్యతను రాష్ట్రాల మీద పెట్టింది. 350బి అధికరణం భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారిని ఏర్పాటు చేయమంది. 30వ అధికరణం మన విద్యాసంస్థలు మనం నడుపుకునే హక్కునిచ్చింది. సాయం ఇచ్చేటప్పుడు అల్పసంఖ్యాకుల యాజమాన్యమన్న కారణంతో వివక్ష చూపరాదంది. అయితే సాయం పొందడమే ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 2021లో తేల్చిచెప్పింది. అంటే బడి పెట్టుకునే హక్కు మనది, దాన్ని నిలబెట్టే డబ్బు ప్రభుత్వ విధానం చేతిలోది.

ఆ విధానం తయారయ్యేదీ రాష్ట్ర రాజధానుల్లోనే. 2002 నాటి టీఎంఏ పాయ్ తీర్పులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, భాషా అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకునే నిర్ణయించాలంది. చెన్నైలో మనం అల్పసంఖ్యాకులం, బెంగళూరులోనూ అంతే, భువనేశ్వర్‌లోనూ అంతే. అక్కడి చట్టాలే మన బతుకులను తేలుస్తాయి. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి తప్పనిసరి చేసింది. పదో తరగతి పరీక్ష విషయంలో భాషా అల్పసంఖ్యాకులు మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. కర్ణాటకలో 1994 నాటి భాషా విధానంపై నడిచిన వ్యాజ్యంలో, ప్రాథమిక దశలో ఏ భాషలో చదవాలో ఎంచుకునే హక్కు బిడ్డది, బిడ్డ తరఫున తల్లిదండ్రులది అని రాజ్యాంగ ధర్మాసనం 2014 మే 6న చెప్పింది. ప్రభుత్వం మాతృభాషను కూడా బలవంతంగా రుద్దరాదంది. సరిగ్గా అదే రోజు ప్రమతి కేసులో విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు వర్తించదని మరో తీర్పు వచ్చింది. ఆ మినహాయింపు సబబేనా అని 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం సందేహం వెలిబుచ్చి, విషయాన్ని విస్తృత ధర్మాసనం పరిశీలనకు నివేదించింది. నేల కదులుతోంది. మనం నిద్రపోతే కుదరదు.

అందుకే అరిజోనా సంస్థ సిద్ధాంతంతో విభేదిస్తూనే, దాని ఓర్పును నేర్చుకోవాలంటున్నాం. ఆ ఆలోచనను కోర్టు కొట్టేసింది, తొమ్మిదేళ్ల తరవాత జనం ఓటేసి కాదన్నారు. అయినా నాలుగేళ్లలో చట్టం వచ్చింది. అది డబ్బుతోనే సాధ్యమైందనుకుంటే సగమే నిజం. ప్రతి ఓటమి తరవాతా వాళ్ల దగ్గర ఇంకో కాగితం సిద్ధంగా ఉంది. మన దగ్గర ఉండేదేమిటి? మూసివేత ఉత్తర్వు చేతికందాక రాసే వినతిపత్రం. అందులో ఆవేదన ఉంటుంది, అంకెలుండవు. ఆవేదనకు అధికారి తలూపుతాడు. అంకెకైతే జవాబు రాయక తప్పదు.

కనుక ఈ ఏడాది ప్రతి తెలుగు బడీ ఒక చిన్న పని చేయాలి. ఒక నోటుపుస్తకం పెట్టాలి. గత పదేళ్లలో ఏ తరగతిలో ఎంతమంది ఉన్నారు. టీచరు పోస్టు ఏ నెలలో ఖాళీ అయింది, ఏ నెలలో నిండింది. తెలుగు పాఠ్యపుస్తకాలు ఏ తేదీన వచ్చాయి. టీసీ తీసుకున్న పిల్లలు ఎక్కడికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు. మన బడిలో చదివిన వాళ్లు తరవాత ఏమయ్యారు. ఇవి రాసుకోవడానికి విరాళాలక్కర్లేదు, రిజిస్టర్లు బడిలోనే ఉన్నాయి. పిల్లలు తగ్గినందువల్ల పోస్టు పోయిందా, పోస్టు నిండనందువల్ల పిల్లలు తగ్గారా అన్న ప్రశ్నకు జవాబు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది. ఒక జిల్లాలోని బడులు కలిసి ఆ వివరాలను నాలుగు పేజీల్లో పెడితే, శాసనసభ్యుడి చేతికివ్వదగిన నివేదిక అదే అవుతుంది. కోర్టుకెళ్లాల్సి వస్తే సాక్ష్యమూ అదే.

ఆ నివేదిక చివర కోరికల చిట్టా కూడా చిన్నదిగానే ఉండాలి. పిల్లల తలల లెక్కతో సంబంధం లేకుండా ప్రతి భాషా అల్పసంఖ్యాక బడికీ కనీస నిధి, ఒక భాషా ఉపాధ్యాయుడి పోస్టు ఖాయంగా ఇవ్వాలి. ఆపైన కావాలంటే బిడ్డకింత అని లెక్కగట్టవచ్చు. 1949 నాటి 10, 40 కొలమానాన్ని ప్రతి రాష్ట్రమూ ఉత్తర్వుగా ప్రకటించి పాటించాలి. బడిని విలీనం చేసే ముందు, నడిచి వెళ్లే దూరంలో అదే భాషలో చెప్పే మరో బడి ఉందో లేదో రాతపూర్వకంగా తేల్చాలి. ఇవి ఏ సిద్ధాంతానికీ విరుద్ధం కావు. తల్లిదండ్రుల ఎంపికను నిజంగా గౌరవించే స్వేచ్ఛా విపణివాది కూడా వీటికి అడ్డు చెప్పలేడు. ఎంచుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి కదా.

చివరిగా మనకు మనం చెప్పుకోవాల్సిన చేదు మాట ఒకటుంది. బడి ఉండాలంటూ వినతిపత్రం మీద సంతకం చేసే చేతే, ఇంట్లో బిడ్డ టీసీ దరఖాస్తు మీదా సంతకం చేస్తోంది. తెలుగు బడి టీచర్ల పిల్లలే తెలుగు బడిలో కనిపించని ఊళ్లున్నాయి. 2014 తీర్పు మనకిచ్చిన ఎంపిక హక్కును మనం ఎటు వాడుతున్నామో కూడా ఆ నోటుపుస్తకంలో కనిపిస్తుంది. ఆ పేజీని దాచకూడదు. ఎందుకు పంపలేకపోతున్నామో నిజాయితీగా రాసుకుంటే, బడిని ఎలా బాగుచేసుకోవాలో అందులోంచే తేలుతుంది. వచ్చే ఏడు బడి తెరిచినప్పుడు ఒకటో తరగతిలో పదిమంది కూర్చుంటారా, ఆరుగురు కూర్చుంటారా అన్నది రాజధానిలో కొంత, మన గడపలో కొంత తేలుతుంది. రాజధానితో మాట్లాడటానికి కాగితం సిద్ధం చేద్దాం. గడపలో మాట్లాడుకోవడానికి ఈ ఆదివారం బడి ఆవరణలో కూర్చుందాం.